బట్టల గదిలో మౌనం

నేను చెప్పేది నువ్వు నమ్మవు. నా మీద ఒట్టు, నీ మీద ఒట్టు, నువ్వు కూర్చున్న ఆ కుర్చీ మీద ఒట్టు, నమ్మవు. నేను ఒట్టేస్తే మా ఇంటావిడే నమ్మదు, ఇంక నువ్వెంత. అయినా విను. వింటే పోయేదేముంది. పోయేదేమైనా ఉంటే అది ఆఖర్న చెప్తా.

ఒకాయన ఉన్నాడు. అందరూ గంభీరం అంటారు. అసలు పేరేంటో వాళ్లమ్మ కూడా కాసేపు ఆలోచించి చెప్పాల్సిందే. మామూలుగా మాట్లాడితే ముక్కుతో మాట్లాడతాడు. పాలు కావాలన్నా, పక్కకి జరగమన్నా, జలుబు చేసిన మేక మాట్లాడినట్టుంటుంది. అదే మైకు ముందు కూర్చోబెట్టు... నూతిలో కూర్చుని పులి మాట్లాడినట్టు మారిపోతుంది గొంతు. దేవుడు ఆ మనిషికి ఇచ్చింది అదొక్కటే. బుర్ర ఇద్దామనుకుని మర్చిపోయి ఉంటాడు.

ఆ గొంతుతో ఆయన చేసే పనేంటంటే, శవాల మీద కబుర్లు. ఎప్పుడో ఎక్కడో జరిగిన హత్యలు, చంపిందెవరో తేలక పోలీసులు మూలన పడేసినవి, అవి వెతికి పట్టుకుని వారానికో భాగం చొప్పున ఫోన్లో వినిపిస్తాడు. లక్షల మంది వింటారు. అంట్లు తోముకుంటూ ఒకరు, బస్సులో వేలాడుతూ ఒకరు, నిద్రపట్టక ఒకరు. పక్కవాడి చావు వింటుంటే అంట్లు తొందరగా తెల్లబడతాయి కాబోలు.

దీన్ని ఆయన పరిశోధన అంటాడు. మంచం మీద వెల్లకిలా పడుకుని, పొట్ట మీద టీ కప్పు పెట్టుకుని, ఫోన్లో పాత పేపరు ముక్కలు చదవడం, అదీ పరిశోధన. చదివి లేచి మైకు ముందుకొచ్చి, ప్రతి కథ మొదట్లోనూ ఒకే మాట అంటాడు. "చంపింది ఎవరో నాకు తెలుసు. మీకూ చెప్తాను."

ఆయనకి ఏమీ తెలీదు. ఇంట్లో గ్యాసు ఎప్పుడయిపోతుందో కూడా తెలీదు.

ఇంక ఆయన పేరు మోగిపోయింది దేనివల్లంటే, నిమిషం మౌనం. కథ మంచి పట్టులో ఉండగా ఆగిపోతాడు. "ఇప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. దీపాలు ఆర్పండి. ఇది ఆ గది. ఆ ప్రాణం పోయిన గది. నేను అక్కడికెళ్లి పట్టుకొచ్చిన మౌనం ఇది" అంటాడు. తర్వాత ఒక నిమిషం ఏమీ ఉండదు. ఉత్త గది. నువ్వు నవ్వుతావుగానీ, చప్పుడు పట్టే పనివాళ్లనడుగు, ఏ గదికి ఆ గది మౌనం వేరు. జనం దానికి ఒళ్లు జలదరించి పడి చచ్చేవాళ్లు.

మొదట్లో ఒక్కసారి నిజంగానే వెళ్లాడు. ఒక పాత హత్య జరిగిన ఇంటికి మైకు పట్టుకుని వెళ్లి కిటికీలోంచి లోపలికి చాపాడు. ఆ ఇంట్లో అద్దెకుంటున్న ముసలావిడ చీపురు తిరగేసింది. ఆ వాపు తగ్గేసరికి రెండు భాగాలు ఆలస్యమయ్యాయి. అప్పట్నుంచీ ఏ హత్య అయినా, ఏ ఊరైనా, మౌనం మాత్రం ఒకే చోట తీసేవాడు. వాళ్ల పడగ్గది పక్కనున్న బట్టల గదిలో.

అది ఎంత గదో చెప్తా. నేనైతే నిలబడి రెండు చేతులూ చాపలేను. నా చేతులు కాస్త పెద్దవిలే. కిటికీ లేదు. ఒక పక్కన ఆయన సూట్లు, ఒక పక్కన ఆయన భార్య కోట్లూ గౌన్లూ, కింద చెప్పులు, వెనక గోడ నిండా మేకులకి తగిలించిన దుప్పట్లు. బట్టలు చప్పుడుని మింగేస్తాయి. తలుపు వేస్తే మిట్టమధ్యాహ్నం కూడా కళ్లు తెరిచినా మూసినా ఒకటే. మౌనం తీసేటప్పుడు చిన్న దీపం ఉంటుందే, అది కూడా ఆర్పేయాలి. దాని బల్బు సన్నగా గుయ్యిమంటుందట. కలరా ఉండల వాసన, మడతపెట్టిన ఉన్ని వాసన, గంభీరంగారి చంక వాసన. హత్య జరిగిన గదులన్నీ అవే.

తలుపు బయట, పడగ్గదిలో, కంప్యూటరు పెట్టుకుని కూర్చునేవాడు ఆయన బామ్మర్ది. ఒకప్పుడు పెళ్లిళ్ల వీడియోలకి పాటలు అతికించేవాడు. ఇప్పుడు బావ గొంతుకి గుబులు అతికిస్తున్నాడు.

సరే, అసలు సంగతికి వస్తా. కుట్టుపనామె కేసు.

ఒంటరి మనిషి. ఒకటే గది, అందులోనే బతుకు, అందులోనే మిషను. చిరిగినవి కుట్టడం, పొడుగైనవి తగ్గించడం, ఎవరైనా అడిగితే చొక్కాలు కుట్టడం. చాలా ఏళ్ల కిందట ఒకరోజు, మిషను ముందు కుర్చీలోనే చనిపోయి కనిపించింది. ఆవిడ కొలతల టేపే ఆవిడ మెడకి చుట్టి ఉంది. గదికి బయట తాళం వేసి ఉంది. తాళంచెవి లేదు. అంతే. ఎవరో, ఎందుకో, ఈ రోజుకీ తేలలేదు.

ఆవిడకున్నది ఒక్కడే తమ్ముడు. తాళాలు బాగుచేసే మనిషి. గంభీరంగారి పరిశోధన అక్కడితో పూర్తయింది. తాళం వేసి ఉంది, తమ్ముడు తాళాలాయన. టీ కప్పు పొట్ట మీంచి తీసి పక్కన పెట్టాడు. పోలీసులు ఆ తమ్ముణ్ని అప్పుడే అడగాల్సినవన్నీ అడిగి వదిలేశారన్నది కూడా అదే పేపరు ముక్కలో ఉంది, గానీ అది రెండో కాలమ్‌లో ఉంది. అంతదూరం ఎవరు చదువుతారు.

మొదటి భాగం వెళ్లింది. మౌనం వెళ్లింది. రాత్రికల్లా జనం రాసింది చూస్తే అందరిదీ ఒకటే మాట. 'ఆ నిమిషంలో వెనక కుట్టు మిషను చప్పుడు పెట్టారు చూడండి, ప్రాణం లేచొచ్చింది.'

బామ్మర్ది బావకేసి చూశాడు. బావ బామ్మర్దికేసి చూశాడు.

"భలే పెట్టావు బావా. నాకు చెప్పకుండా," అన్నాడు బామ్మర్ది.

ఆయన పెట్టలేదు. వీడే పెట్టి, నా నోటితో మెచ్చుకోలు లాగుదామని చూస్తున్నాడు అనుకున్నాడు గంభీరం. ఆ అవకాశం ఇస్తాడా. "మరి. ఇలాంటివి నాకు అలా తడతాయంతే," అన్నాడు.

బామ్మర్ది మనసులో, ఓహో, నాకు రాని పని బావకి వచ్చేసిందే అని కుళ్లుకున్నాడు. ఇద్దరూ అడగలేదు. ఒకడు అడిగుంటే కథ అక్కడే ఆగిపోయేది. గొప్పలకి పోయే ఇద్దరు ఒక ఇంట్లో ఉంటే దెయ్యానికి ఎంత హాయో చూడు.

ఆ వారమే ఇంకోటి జరిగింది. గంభీరం భార్య పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి కోటు తగిలించడానికి బట్టల గదిలోకి వెళ్లింది. వెళ్లి, ఒక దుప్పటి చేత్తో పట్టుకుని బయటికొచ్చింది.

"ఏవండీ, ఈ దుప్పటి తొడుగులోంచి ఇంత ముక్క ఎవరు కత్తిరించారు?"

"ఎలకలేమో," అన్నాడు గంభీరం, ఫోన్లోంచి తలెత్తకుండా.

"ఎలకలు సుద్దతో గీత గీసుకుని కత్తిరిస్తాయా?"

చూస్తే నిజమే. నీలం రంగు సుద్దగీత, దాని వెంట కత్తెర వెళ్లిన దారి, ఎక్కడా వంకర లేదు. ఆవిడ తమ్ముడికేసి చూసింది.

"నాకేసి చూస్తావేంటక్కా. నాకు గోళ్లు కత్తిరించుకోవడమే రాదు," అన్నాడు వాడు. అది అబద్ధం కాదు. నేనా గోళ్లు చూశాను.

రెండో భాగం కూడా వెళ్లాక, ఒకరోజు పొద్దున్నే తలుపు కొట్టారు. తీస్తే తాళాలాయన. ఇనుప రజను వేళ్ల మడతల్లోకి ఎక్కేసిన చేతులు. లోపలికి రమ్మంటే సోఫా చివర, లేచి వెళ్లిపోయేవాడిలా కూర్చున్నాడు.

"నా షట్టర్ మీద రాశారు సార్. హంతకుడు అని. పెయింటుతో," అన్నాడు. "చెరిపాను. మళ్లీ రాశారు. బడిలో మా పాప పక్కన ఎవరూ కూర్చోవట్లేదు. తాళంచెవి చేయించుకోవడానికి ఒక్కరూ రావట్లేదు. నాలాంటివాడికి ఇంటి తాళం ఎవరిస్తారు."

"నేనెక్కడా నీ పేరు చెప్పలేదే," అన్నాడు గంభీరం.

"ఆఖరి భాగంలో చెప్తానన్నారు కదా సార్. చెప్పకండి. నాకు తెలీదు అనండి చాలు. తెలీదు అంటే అబద్ధం కూడా కాదు."

గంభీరానికి ఎంత నవ్వులాటగా అనిపించిందో. తెలీదు అంటే ఎవరైనా వింటారా. తెలీదు అనడానికి ఆ గొంతెందుకు. "చూడయ్యా, జనానికి సమాధానం కావాలి," అన్నాడు.

"ఆరోజు మా అక్క ఎవరిదో మగవాళ్ల చొక్కా కుడుతోంది సార్. పొద్దున నేను చూశాను, బల్ల మీద ముక్కలున్నాయి. తర్వాత అది ఎక్కడా దొరకలేదు. ఆ చొక్కా ఎవరిదో వాడే పట్టుకుపోయాడు. ఈ సంగతి మీకు ఫోన్ చేసి మరీ చెప్పాను. ఒక్కసారైనా అన్నారా?"

"చొక్కాకి ఎవరు భయపడతారయ్యా," అన్నాడు గంభీరం. నవ్వాడు కూడా.

"పోనీ, ఒకటి చెప్పండి. ఆ మిషను చప్పుడు ఎక్కడ పట్టారు?"

"అక్కడే. మీ అక్క గదిలోనే."

"ఆ గది లేదు సార్. పడగొట్టేశారు. ఇప్పుడక్కడ కార్లు నిలబెడతారు."

మూలన మంచినీళ్లు తాగుతున్న బామ్మర్దికి పొలమారింది.

"ఆ మిషను కూడా లేదు," అన్నాడు తాళాలాయన, చాలా నెమ్మదిగా. "దాని లోపలి చక్రానికి ఒక పన్ను విరిగిపోయింది. నాలుగు కుట్లు పడ్డాక కాస్త ఆగి గర్రుమనేది. నేనే నూనె వేసేవాణ్ని. పాత ఇనుము కింద అమ్మేశాం. మీ మౌనంలో అదే గర్రు ఉంది సార్. నేను మా పాపని నిద్రపుచ్చి విన్నాను."

ఇంకొకడైతే అక్కడ ఆగేవాడు. గంభీరానికి మాత్రం ముందు పరువు గుర్తొచ్చింది. అబద్ధం పట్టుకున్నవాణ్ని ఏం చేస్తారో ఆయనకి బాగా తెలుసు. "చాలా బాగా గుర్తుందే నీకు," అన్నాడు, మైకు గొంతుతో. "ఏ పన్ను విరిగిందో, ఎప్పుడు గర్రుమనేదో. ఇది కూడా చెప్తాను ఆఖరి భాగంలో. జనమే తేలుస్తారు."

తాళాలాయన లేచాడు. గుమ్మం దాకా వెళ్లి తిరిగాడు.

"ఇదే తన గది అని అంతమందికి చెప్పారు. తనకీ చెప్పినట్టే కదా సార్. మా అక్క అమాయకురాలు. పని ఉందంటే ఎక్కడికైనా వచ్చి కూర్చుంటుంది."

వెళ్లిపోయాడు. ఇక్కడ ఒకటి చెప్పాలి. అదే బట్టల గదిని ఎంతమంది చచ్చినవాళ్లకి గదని చెప్పాడు గంభీరం. వాళ్లెవరూ రాలేదు. వాళ్లకీ కాస్త పరువుంటుంది కదా. ఆవిడొక్కతే వచ్చింది. ఆవిడకి పని మిగిలిపోయింది మరి.

ఆఖరి భాగం ఆదివారం మధ్యాహ్నం, ప్రత్యక్షంగా. అంటే, నోటి మాట నోట్లో ఉండగానే జనం చెవిలో పడిపోతుంది, దిద్దుకోవడానికుండదు. అలా చేద్దామన్నది కూడా గంభీరమే. పేరు చెప్పే క్షణాన లక్షల మంది ఒకేసారి ఉలిక్కిపడాలని ఆశ.

"బావా, ఆ మిషను చప్పుడు నిజంగా నువ్వే పెట్టావా?" అని అడిగాడు బామ్మర్ది, తీగలు తగిలిస్తూ. ఇన్నాళ్లకి.

"నువ్వు కాదా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటికి టైమైపోయింది.

గంభీరం లోపలికెళ్లి గడియ పెట్టుకున్నాడు. చిన్న ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. మంచి సూటు వేసుకున్నాడు, గొంతు తప్ప ఏమీ కనపడకపోయినా. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. మొదలుపెట్టాడు. పులి నూతిలోంచి లేచింది.

బాగానే చెప్పాడు. అది ఒప్పుకోవాలి. గది, మిషను, తాళం, తమ్ముడు. పేరుకి ఒక్క అడుగు దూరం దాకా లాక్కొచ్చి, ఆగాడు. "పేరు చెప్పేముందు... చివరిసారిగా... ఆవిడ గదిని వినండి." దీపం ఆర్పాడు.

చీకటి.

కలరా ఉండల వాసన. ఉన్ని వాసన. తన ఊపిరి తనకే పెద్దగా వినిపిస్తోంది. నోరు మూసుకుని ముక్కుతో పీల్చాడు. అప్పుడు ఇంకో వాసన తగిలింది. సన్నగా. మిషను నూనె.

టక్ టక్ టక్ టక్... గర్ర్.

హెడ్‌ఫోన్లలో వినిపించింది. బామ్మర్దే అనుకున్నాడు. ప్రత్యక్షంలో ఆటలా, బయటికొచ్చాక నీ పని చెప్తా అనుకున్నాడు. ఆ చప్పుడు వినలేక హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాడు.

టక్ టక్ టక్ టక్... గర్ర్.

తీశాక ఇంకా బాగా వినిపించింది.

వెనకనించి. దుప్పట్ల వెనకనించి. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

లేద్దామనుకున్నాడు. అంతలో మిషను ఆగింది. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. తర్వాత... పళ్లతో దారం కొరికిన చప్పుడు. ఆ చిన్న చప్పుడుందే, పుట్టుక్కున, అదే ఆయన్ని చంపేసింది. చెవి పక్కనే వినపడింది.

"లేవండి," అంది.

ఆడగొంతు. విసుగూ లేదు, కోపమూ లేదు. రోజూ పదిమందితో అదే మాట అనే గొంతు.

లేచాడు. ఎలా లేచాడో ఆయనకే తెలీదు.

"చేతులు కాస్త దూరంగా పెట్టండి."

గడియ కోసం చెయ్యి చాపాడు. కోటు తగిలింది. దాని పక్కన ఇంకో కోటు. ఇంకో కోటు. ఆ గదిలో అన్ని కోట్లు లేవు. ఒక చొక్కా చెయ్యి తగిలితే దాన్ని పక్కకి తోద్దామని పట్టుకున్నాడు. అది ఉత్త చొక్కా చెయ్యి కాదు. లోపల మణికట్టుంది. చల్లగా ఉంది.

వదిలేశాడు.

"కదలకండి. కొలత తప్పుతుంది."

వీపు మీద టేపు పడింది. ఈ భుజం నించి ఆ భుజం దాకా, చల్లటి వేళ్లు జరుపుకుంటూ వెళ్లాయి. చెయ్యి పొడవు. ఛాతీ చుట్టూ. టేపు బిగుస్తుంటే గుండె దాన్ని తన్నడం ఆయనకి తెలుస్తోంది. వెనక, తనలో తను గొణుక్కుంటోంది... "భుజం ఎక్కువ... చెయ్యి పొట్టి... కాదు. ఈయన కాదు." వీపు మీద ఏదో గరగరా రెండుసార్లు గీసినట్టయింది.

అయిపోయింది కాబోలు అనుకున్నాడు, పిచ్చివాడు.

టేపు మెడ చుట్టూ వచ్చింది.

"ఎవరో తెలుసన్నారుగా," అంది. "చెప్పండి. వాళ్ల కొలత తీసుకుంటాను."

గంభీరానికి వచ్చింది ఒక్కటే జవాబు. నెలరోజులుగా నోట్లో నానుతున్నదే. "మీ... మీ తమ్ముడు," అన్నాడు.

టేపు బిగిసింది. చాలా కొంచెం. ఉమ్ము దిగలేదు.

"వాడి కొలత నాకు తెలుసు. పసితనం నించీ వాడి బట్టలన్నీ నేనే కుట్టాను. వాడు కాదు. ఇంకోసారి చెప్పండి."

"నాకు..."

"చెప్పండి."

"తెలీదు... నాకు తెలీదు."

"గట్టిగా చెప్పండి. అందరూ వింటున్నారన్నారుగా."

బయట బామ్మర్దికి వినిపించిందంతా బావ గొంతే. ఆవిడ మాటలు ఒక్కటీ పడలేదు. తెర మీద గీత, బావ మాట్లాడితే లేస్తోంది, మధ్యలో చచ్చినట్టు పడుకుంటోంది. మొదట, అబ్బ, ఏం నటిస్తున్నాడు అనుకున్నాడట. తర్వాత ఆ గొంతు మారడం విన్నాడు. పులి పోయింది. ముక్కు గొంతు వచ్చేసింది. లక్షల మంది చెవుల్లో, జలుబు చేసిన మేక ఏడుస్తోంది.

"తమ్ముడు కాదు. నాకు తెలీదు. ఏ కేసులోనూ నాకు తెలీదు. నేనెక్కడికీ వెళ్లలేదు. ఇది ఆవిడ గది కాదు. ఇది మా ఆవిడ బట్టల గది. మా ఆవిడ బట్టల గదండీ ఇది..."

తర్వాత తలుపు బద్దలైంది. గడియ తీసుకుని కాదు, తలుపుతో సహా బయటికొచ్చి పడ్డాడు గంభీరం, మంచం కాలికి తల కొట్టుకుంటూ. ఆ తలుపు మళ్లీ బిగించింది నేనే. ఈ చుట్టుపక్కల నాలాగా తలుపు బిగించేవాడు ఇంకొకడుంటే చూపించు, సుత్తి అవతల పారేస్తా. లేకపోతే ఇదంతా నాకెలా తెలుసనుకున్నావు. పని అయ్యేదాకా బామ్మర్ది నా పక్కనే నిలబడి గొణుగుతూనే ఉన్నాడు, గంభీరం నోరు మూతపడకముందు తనకి చెప్పిన మిగతాదంతా వాళ్లక్క టీ ఇస్తూ చెప్పింది.

గంభీరం సూటు వెనక, రెండు భుజాల మధ్య, నీలం సుద్దతో ఇంటూ మార్కు ఉంది. టైలర్లు, అక్కర్లేని ముక్క మీద కొడతారే, అలాంటిది. నా కళ్లతో చూశాను.

జనం ఏమన్నారో చెప్తే నీకు వాంతొస్తుంది. ఇంత గొప్ప భాగం ఇంతవరకు రాలేదన్నారు. ఏడుపు ఎంత సహజంగా ఉందో అన్నారు. ఒకామె అయితే, నిజం ఒప్పుకున్నట్టు నటించడం కొత్త ప్రయోగం అంది. అయితే అయిందిగానీ, తమ్ముడు కాదు అన్న మాట మాత్రం అందరికీ చేరింది. తాళాలాయన షట్టర్ మీద మళ్లీ ఎవరూ రాయలేదు. రాసినది మాత్రం ఎవరూ వచ్చి చెరపలేదు. ఆయనే చెరుపుకున్నాడు.

గంభీరం నోరు మూతపడింది. ఇప్పుడు ఇంట్లో ఉప్పు అడగాలన్నా చేత్తో సైగ చేస్తాడు. మెడ దగ్గర గుండీ పెట్టుకోడు.

నేను తలుపు బిగిస్తుంటే దొరికింది ఒక చొక్కా. వెనక గోడకున్న దుప్పటి కాస్త పక్కకి జరిపాను, దాని వెనక మేకుకి వేలాడుతోంది. దుప్పటి తొడుగు బట్టతో కుట్టిన మగవాళ్ల చొక్కా. సగమే అయింది. కాలరుంది, వీపుంది, ఒక చెయ్యి ఉంది. కుట్టు ఎంత సన్నగా ఉందంటే, నా కళ్లు ఎంత చురుకో నీకు తెలుసుగా, నేనే వెతుక్కోవాల్సొచ్చింది.

గంభీరం భార్య తాళాలాయన్ని పిలిపించింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, కాలరు తిరగేసి, చాలాసేపు చూశాడు. "మా అక్క కుట్టే," అన్నాడు. "ఆరోజు బల్ల మీద చూసిన చొక్కా కాలరు ఇలాగే ఉంది." ఆవిడ అడగకుండానే తొడుక్కోబోయాడు. భుజాల దగ్గరే ఆగిపోయింది. ఎక్కలేదు. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు చూడు, అంతసేపూ బిగబట్టాడని అప్పుడు తెలిసింది మాకు.

బామ్మర్ది వేసుకుంటే చెయ్యి వేళ్ల మీదికి దిగిపోయింది. గంభీరాన్ని వేసుకోమంటే మంచం కింద దూరాడు. నేనూ వేసుకున్నా. చంకల్లో పట్టేసింది. నా ఛాతీ అలాంటిది, మామూలు చొక్కాలు పట్టవు.

ఆ గదికి తాళాలాయనే తాళం వేసిచ్చాడు. వాళ్ల బట్టలన్నీ ఇప్పుడు కుర్చీల మీద ఉంటున్నాయి. గంభీరం భార్య అప్పుడప్పుడు తాళం తీసి చూస్తుందట. చూసినప్పుడల్లా చొక్కా ఇంకొంచెం పూర్తవుతోందట. రెండో చెయ్యి కూడా వచ్చేసింది. ఎడంచెయ్యి కుడిచెయ్యి కన్నా కాస్త పొడుగ్గా కుట్టింది కుట్టుపనామె. ఆవిడ కొలత తప్పే మనిషి కాదు. అలాంటివాడు ఎక్కడో ఉన్నాడన్నమాట. ఇంక గుండీలే మిగిలాయి.

ఇంకో సంగతి. ఆ మౌనం విన్నవాళ్లు రాస్తున్నారు, ఒక్కొక్కరూ. పొద్దున లేచి చొక్కా విప్పితే వీపు మీద నీలం సుద్ద ఇంటూ ఉందట. ఇదే ఆవిడ గది అని గంభీరం అందరి చెవిలోనూ చెప్పాడు కదా. ఆవిడ ప్రతి గదికీ వెళ్తోంది. ఒక్కొక్కరి కొలతే తీసుకుంటోంది. పోలీసులకి అంత ఓపిక లేకపోయింది. గంభీరానికి మంచం దిగే ఓపికే లేదు. ఆవిడకుంది.

ఏంటి, నవ్వొస్తోందా. నవ్వు. నేను కోతలరాయుణ్నని ఊరంతా అంటుంది, నువ్వూ అను. అనేముందు ఒక పని చెయ్యి. ఆ నిమిషం ఇంకా ఫోన్లో దొరుకుతుంది. తలుపేసుకో, దీపం ఆర్పు, విను. పొద్దున అద్దంలో వీపు చూసుకో. ఇంటూ ఉందా, నేను చెప్పింది నిజం.

లేదా... అప్పుడు రెండిట్లో ఒకటి. నేను అబద్ధాలకోరునవ్వాలి. లేకపోతే ఆవిడ నీ కొలత చూసి, ఇంటూ కొట్టకుండా ఊరుకుని ఉండాలి.

దానికేముంది, అదీ తేల్చేద్దాం. ఆ ఇల్లు దూరమేం కాదు, తాళంచెవి గంభీరం భార్యనడిగితే ఇస్తుంది. పద, వచ్చి ఆ చొక్కా ఒక్కసారి తొడుక్కో. నీకు పట్టకపోతే ఇంత పెద్ద అబద్ధం చెప్పానని నా మొహం మీదే అను, పడతా.

లేవవేం?

అదేంటి, ఎడంచెయ్యి అలా వెనక్కి పెట్టుకున్నావు?